సారుకి పార్శిల్

మా ఆయన సైకిలు ఎంత నెమ్మదిగా తొక్కేవారంటే, పక్కన నడిచి వెళ్ళేవాళ్ళు ఆయనతో కబుర్లు చెబుతూ ముందుకెళ్ళిపోయేవారు. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత ఆర్నెల్లకే షుగరు బయటపడింది. రోజూ నడవమని డాక్టరు చెబితే, నడక విసుగని రెండు గేరు సైకిళ్ళు కొనుక్కొచ్చారు. రెండెందుకని అడిగితే, తానొక్కడే వెళితే నేను ఇంట్లో కూచుని బెంగ పెట్టుకుంటానన్నారు. నేను జూనియర్ కాలేజీలో పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, బెంగ పెట్టుకునే రకాన్ని కాదు. అయినా ఎక్కాను.

మా ఇల్లు పటమటలో. ఆదివారం తెల్లవారుతూనే యనమలకుదురు దగ్గర కరకట్ట ఎక్కేవాళ్ళం. ఒక పక్క కృష్ణ, దాని ఇసక, లంకలు. రెండో పక్క అరటి, చెరకు, కంద, పసుపు. తోట్లవల్లూరు దాకా వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరాలని నా ప్లాను. ఆయనకి ప్లానంటూ ఉండేది కాదు. రేవు దగ్గర పడవ కనిపిస్తే దిగాలి, బ్యారేజీ నించి నీళ్ళు ఎన్నింటికి వదిలారో పడవవాడికి చెప్పాలి. చేపలమ్మే ఆవిడ బుట్ట మీద గోనె తీసి చూపిస్తే వంగి చూడాలి, కొనకుండా "జెల్లలు బావున్నాయమ్మా" అని సర్టిఫికెట్ ఇవ్వాలి. మాఘమాసంలో లంకల్లో పసుపు ఉడకబెడుతుంటే ఆ ఆవిరి కట్ట మీదికి వచ్చేది. అక్కడ కళ్ళు మూసుకుని నిలబడిపోయేవారు. ఓసారి సైకిళ్ళని ట్రాలీ ఆటోలో వేసుకుని కూచిపూడి వెళ్ళాం. అక్కడో అరుగు మీద కూచుని, ఆడవేషాలు కట్టి పేరు తెచ్చుకున్న ఓ ముసలాయన దగ్గర సవరం ఎలా ముడివేస్తారో రెండు గంటలు నేర్చుకున్నారు. ఆ ముడి నా తలకి మాత్రం ఒక్కరోజూ వెయ్యలేదు.

రొయ్యూరు దాటాక కట్ట దిగువన ఓ రేకుల షెడ్డులో టిఫిను హోటలుంది. నడిపేది ఓ నలభై అయిదేళ్ళావిడ. పొద్దున్నే నాలుగు మూకుళ్ళలో దిబ్బరొట్టెలు కాల్చేది, పక్కనే చెరకు పానకం. డాక్టరు వద్దన్నవన్నీ ఒకే చోట దొరికే స్థలం అది. ఆయన ఆ రొట్టె ముక్కని పానకంలో ముంచి, నా వైపు దొంగచూపు చూసి, నోట్లో పెట్టుకునేవారు. నేను తిట్టేదాన్ని. ఆవిడ నవ్వుతూ ఇంకో గరిటె పోసేది. వాళ్ళిద్దరూ ఒక పార్టీ. ఇలా ఆరేళ్ళు గడిచాయి.

ఓ శ్రావణ మాసం సోమవారం ఆయన స్నానానికి వెళుతూ తువ్వాలు అడిగారు. నేను తీసుకెళ్ళేలోపు అయిపోయింది. ఫోన్లన్నీ మా అమ్మాయీ అల్లుడూ చేశారు. పదో రోజున పెద్దవాళ్ళు ఏదో అనబోతే మా అమ్మాయి అడ్డుపడింది, అమ్మ బొట్టు తియ్యదని చెప్పేసింది. నాకూ తియ్యాలనిపించలేదు. బొట్టు నాకు పెళ్ళితో రాలేదు, ఉయ్యాల్లో ఉండగానే మా అమ్మ పెట్టింది. దాని మీద అంతకన్నా ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదేమో.

నాలుగు నెలలకి ఇంట్లో ఊపిరాడక సైకిలు బయటికి తీశాను. ఒక్కదాన్నే కట్ట ఎక్కాను. వెనక ఆయన సైకిలు చక్రం టికటికమన్నట్టు మూడు చోట్ల అనిపించింది. మూడు చోట్లా ఆగాను. రొయ్యూరు దాటి షెడ్డు ముందు దిగగానే ఆవిడ నా వెనక్కి చూసింది.

"సారు రాలేదేంటండీ మేడంగారూ? ఇన్నాళ్ళూ అజా అయిపూ లేరు మీరు."

పోయారని చెప్పడానికే నోరు తెరిచాను. "మోకాలి నొప్పమ్మా, ఇంట్లోనే ఉన్నారు" అని వచ్చింది.

అబద్ధమాడినందుకు సిగ్గుపడాలి కదా. ఒళ్ళంతా తేలికైపోయింది. నాలుగు నెలల్లో మొదటిసారి ఆకలేసింది. ఆయన ఇంట్లో ఉన్నారు, కుర్చీలో కాలు చాపుకుని పేపరు చదువుతున్నారు, నేను వెళ్ళేసరికి ఆలస్యమైందని సణుగుతారు. రెండు రొట్టెలు తిన్నాను. లేచేసరికి ఆవిడ అరటాకులో ఓ ముక్క చుట్టి, చిన్న డబ్బాలో పానకం పోసి, సారుకి పార్శిలని నా హ్యాండిలుకి తగిలించింది. వావిలాకు వేడి చేసి కాపడం పెట్టమని కూడా చెప్పింది.

లెక్కల మేష్టర్ని కనక అబద్ధం కూడా తప్పు రాకుండా చెప్పాను. పడవవాడికీ, చేపలావిడకీ అదే మోకాలు, అదే కాలు. చలికాలంలో నొప్పి ఎక్కువైంది. ఎండలు ముదిరాక తగ్గింది గానీ సైకిలు వద్దన్నారు డాక్టరు. వావిలాకు కొంచెం గుణమిచ్చింది. పటమటలో ఆయన ఫోటోకి దండ ఉంది. కట్ట మీద మాత్రం ఆయన దబ్బపండు లాగా ఉన్నారు, కాస్త కుంటుతున్నారంతే. వారమంతా ఆదివారం కోసం చూసేదాన్ని.

పార్శిలు ఇంటికి తెచ్చి ఆయన కంచంలోనే పెట్టుకుని తినేదాన్ని. పై వారం ఆవిడ ఎలా ఉందన్నారని అడిగితే, పానకం కొంచెం పల్చబడిందన్నారని చెప్పేదాన్ని. అది ఆయన అనే మాటే. ఆవిడ ఆ తర్వాతి వారం చిక్కగా కాచేది.

ఓ ఆదివారం ఎండలో పడి వచ్చి, తలుపు తాళం తీసి, హెల్మెట్టు తీస్తూ "ఏమండీ, రొట్టె పంపింది, వేడిగా ఉన్నప్పుడే తినండి" అన్నాను. గట్టిగానే అన్నాను. అన్నాక గుమ్మంలో కొయ్యబారిపోయాను. జవాబు రాదని తెలుసు. వస్తుందేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాను, వస్తే ఏం చెయ్యాలో తెలియక భయపడ్డాను. లోపల ఫ్రిజ్జు ఆగి మళ్ళీ మొదలైంది. ఆ రోజు సాయంత్రం దాకా వరండాలోనే కూచున్నాను, నా ఇంట్లోకి నాకే వెళ్ళబుద్ధి కాలేదు.

అయినా మానలేదు. ఆయన పోయి రెండేళ్ళు నిండాయి. మొన్న మాఘంలో ఓ ఆదివారం, నేను చెయ్యి కడుక్కుంటుంటే ఆవిడ పమిట చెంగుతో చేతులు తుడుచుకుని వచ్చి నా ముందు నిలబడింది. కూతురికి పెళ్ళి కుదిరిందట. గురువారం పొద్దున పసుపు కొడతారట. పెళ్ళిపనులు ఆ పసుపు దంచడంతోనే మొదలవుతాయి, దంచేది అయిదుగురు ముత్తయిదువలు.

"మొదటి పోటు మీరెయ్యాలండీ. మీ ఇద్దర్లాగా ఉండాలండీ మా అమ్మాయీ అల్లుడూ. సారుని ఆటోలో అయినా తీసుకురండి."

తల ఊపాను. ఇంటికొచ్చే దారిలో ఒక్కచోటా దిగలేదు.

ఆ నమ్మకాలు నాకు లేవు. రోకలికి నా మొగుడు బతికున్నాడో లేదో తెలియదు. వెళ్ళి ఒక పోటు వేసి, పెట్టిన తాంబూలం పుచ్చుకుని వచ్చేస్తే ఎవరికీ తెలియదు. సోమవారమంతా అలాగే అనుకున్నాను. కానీ నమ్మకం ఆవిడది. పిల్ల కూడా ఆవిడదే. రేప్పొద్దున ఆ పిల్ల కాపురంలో ఏ చిన్న నలత వచ్చినా, ఎక్కడో నా సంగతి తెలిసినా, ఆవిడ ఆ మొదటి పోటునే తలుచుకుంటుంది. పోనీ నిజం చెబుతానా, ఈ భూమ్మీద ఆయన బతికున్న చోటు అదొక్కటే. అక్కడ కూడా నా నోటితో నేనే ఆయన్ని చంపుకోవాలి. ఒంట్లో బాగాలేదని ఫోను చేసి తప్పించుకోవచ్చు కూడా. మంగళవారం ఫోను మూడుసార్లు తీసి మూడుసార్లూ పెట్టేశాను. ఆయన మీద కోపం వచ్చింది. ఉన్నన్నాళ్ళూ నన్ను వెయిట్ చేయించారు, పోయాక ఈ పని పెట్టారు.

బుధవారం మధ్యాహ్నం వెళ్ళాను. హోటలు వెనకే వాళ్ళ ఇల్లు. వాకిట్లో రోలు కడిగి బోర్లించారు, రోకలికి పసుపు రాసి ఆరబెట్టారు. ఆదివారం కాని రోజున నన్ను చూసి ఆవిడ కంగారుపడి లేచింది. పీట వెయ్యబోతే వద్దన్నాను.

"నేను రేపు రాకూడదమ్మా. మా ఆయన చనిపోయారు."

ఆవిడ పీట కింద పెట్టేసింది. నిన్ననా, మొన్ననా అని అడిగింది.

"రెండేళ్ళయింది."

ఆవిడ నా బొట్టు వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బావుండేది.

"మరి పానకం, మేడంగారూ?"

"నేనే తాగాను."

ఆవిడ రోలు పక్కన నేల మీద కూలబడి ఏడ్చింది. నా అబద్ధానికి కాదు, ఆయన కోసం. నాకు పాతబడిన చావు ఆవిడకి ఆ నిమిషాన జరిగింది. ఏడుస్తూనే అడిగింది, ఎలా పోయారు, బాధపడ్డారా, ఆ పొద్దున ఏం తిన్నారు. అప్పట్లో వచ్చినవాళ్ళు ఆస్పత్రి గురించీ కర్మల గురించీ అడిగారు గానీ, ఏం తిన్నారని ఒక్కరూ అడగలేదు. ఉప్మా అని చెప్పాను. ఉప్పు తక్కువైందన్నారనీ, నేను విసుక్కున్నాననీ, నేను ఆయనతో అన్న ఆఖరు మాట అదేననీ చెప్పాను. ఆ మాట మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

కాసేపటికి ఆవిడ లేచింది. రోకలిని తీసి లోపల పెట్టింది. రేపటి సంగతి ఇద్దరం ఎత్తలేదు. "కబురు విన్నాను కదండీ, తలకి పోసుకోవాలి" అని పెరట్లోకి వెళ్ళింది. అది అయినవాళ్ళు పోతే చేసే స్నానం. తడిక వెనక చెంబు చెంబుకీ నీళ్ళు పడుతుంటే నేను వాకిట్లో నిలబడి విన్నాను. పెళ్ళింటికి మైల పోవాలని పోసుకుంటోందో, ఆయన కోసమే పోసుకుంటోందో నాకు తెలియదు. అడగలేదు కూడా.

తల తుడుచుకోకుండానే వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"నీళ్ళు తోడి పెట్టానండీ. మీరూ పోసుకోండి."

వెళ్ళి పోసుకున్నాను. నీళ్ళు కాగబెట్టి చన్నీళ్ళు కలిపి ఉంచింది, గోరువెచ్చగా ఉన్నాయి. తడిక అవతల ఆవిడ ముక్కు చీదుతోంది. ఇటు నేను చెంబు పట్టుకుని పెద్దగా ఏడ్చాను, రెండేళ్ళలో మొదటిసారి. ఇప్పుడు కట్ట మీద కూడా ఆయన లేరు.