పంపు షెడ్డు రాకముందే

ముందే చెప్పేస్తున్నాను: నేను గోరంతను కొండంత చేసే మనిషిని. ఇంట్లో నేను పామని అరిస్తే, ముందు వానపామేమో చూసి రమ్మని ఎవరినైనా పంపుతారు. కాబట్టి ఇది చదివేటప్పుడు రూపాయికి నాలుగణాలు తీసేసుకోండి. భయం దగ్గర మాత్రం ఏమీ తీయకండి. అది సరిగ్గా తూచి పెట్టిందే.

కేజీఎఫ్ బజారులో మాది గుడ్డల అంగడి. గనులు సర్కారు చేతికి వచ్చి చాలా కాలమైంది. గనిలో కొత్త ఉద్యోగం నాలాంటివాడికి కలలో కూడా రావడం మానేసింది. అంగట్లో గల్లా ముందు ఒక్కరికే చోటు. అక్కడ మా అన్న కూర్చుంటే ఇంకొకరికి గాలి కూడా మిగలదు. నాకు మిగిలింది పోలీసు సెలెక్షను, వయసు దాటిపోయే ముందు అదే ఆఖరుసారి. కోలారులో పదహారు వందల మీటర్లు పరుగెత్తాలి. అక్కడి ట్రాకు చుట్టు నాలుగు వందలు. అంటే నాలుగు చుట్లు.

మా ఊళ్లో మాకు ట్రాకు ఎక్కడిది? సైనైడ్ దిబ్బ కింద, అంటే గని నుంచి తెచ్చి పోసిన మట్టికొండ కింద, ఒక బయలుంది. నాయన అంగట్లోని ఇనుప మీటరు కడ్డీ తెచ్చి, పంచె ఎగ్గట్టి, గొంతుక్కూర్చుని, బయలు చుట్టూ కప్పలా గెంతుతూ కొలిచాడు. అన్న వెనకాలే సుద్దగీతలు గీశాడు. చుట్టు మూడు వందల ఇరవై వచ్చింది.

"వాళ్ల నాలుగుకి మన అయిదప్పా," అన్నాడు నాయన, నడుము పట్టుకుని లేస్తూ.

రోజూ తెల్లవారగానే నేను పరుగెత్తేవాణ్ణి. నాయన గడియారం చూస్తూ గట్టున నిలబడేవాడు. అయిదో చుట్టులో, పాడుబడిన పంపు షెడ్డు దగ్గరికి రాగానే డొక్కలో పోటు మొదలయ్యేది. అక్కడి నుంచి గీత దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఈడ్చుకొచ్చేవాణ్ణి.

అదే సెలెక్షను కోసం నాతోపాటు అక్కడే పరుగెత్తే స్నేహితుడు ఒకడుండేవాడు, గని కార్మికుడి కొడుకు. ఒక పొద్దున సుద్దగీతలు చూసి నవ్వాడు.

"ఏం సెట్టీ, ఇది మీ నాయన మీటరుతోనా కొలిచినాది?"

"ఊ. ఏమి?"

"అయితే ఇంగో సుట్టు సేర్చుకో మచ్చా. మీ అంగట్లో గుడ్డ తీసుకుంటే నా షర్టుకి ఒక చెయ్యి మోచేతికాడే నిలిచిపోయినాది."

వాడు నవ్వేసి పోయాడు. నేను సుద్దగీత మీదే కూర్చుండిపోయాను. మీటరుకు రెండు వేళ్లు తగ్గినా, పదహారు వందల మీటర్లకు ఎన్ని వేళ్లు? లెక్క వేస్తే కోలారు జిల్లా జనం వేళ్లన్నీ చాలలేదు. అంటే అక్కడ నాలుగో చుట్టులో నా ఊపిరి అయిపోయాక కూడా గీత ఇంకా దూరంగానే ఉంటుంది. అందరి ముందూ పడతాను. ఉద్యోగం పోతుంది. మా నాయన మీటరు పొట్టిదని ఊరికి తెలుస్తుంది. అందరికన్నా ముందు నాకు తెలుస్తుంది.

స్కూలు స్కేలు తెచ్చి కడ్డీ పక్కన పెడితే నిమిషంలో తేలిపోయే సంగతే. తేలిపోతుందనే కదా భయం! పోనీ ఆరో చుట్టు పరుగెత్తుదామంటే, "ఎందుకప్పా ఆరు?" అని నాయన అడుగుతాడు. ఏమని చెప్పను? ఒకరోజు లోపల గనిలో బండ పేలి నేల అదిరింది. ఊరంతా లోపలున్న మనుషుల కోసం గని వైపు ఉరికితే, నేను మాత్రం సుద్దగీతలు ఇంకా దగ్గరికి జరిగాయేమోనని చూసుకున్నాను.

సెలెక్షను రోజు కోలారు బస్సు నిండా టమోటా బుట్టలు. ఆ ఎరుపులో పావలా వంతు కూడా నా మొహంలో లేదు.

విజిల్ మోగింది. మొదటి చుట్టులో నేనే ముందు. మిగతావాళ్లు నా దుమ్ములో తప్పిపోయారు. రెండు. మూడు. నాలుగో చుట్టులో ఒక చెయ్యి డొక్క మీద వేసుకుని పోటు కోసం కాచుకున్నాను. ఈ మలుపులో వస్తుంది. రాలేదు. ఇదిగో, ఇక్కడ వస్తుంది. రాలేదు. గీత వచ్చేసింది. పంపు షెడ్డు రాకముందే కోలారు అయిపోయింది.

నా స్నేహితుడు రొప్పుతూ వచ్చి మీద పడ్డాడు. "ఒరే సెట్టీ, ఈ కోలారోళ్ల మీటరు పొట్టిది రా!"

ఊరు చేరి అంగట్లో అడుగుపెట్టేసరికి నాయన ఒకావిడకు గుడ్డ కొలుస్తున్నాడు. "కొసరెయ్యప్పా," అంటోంది ఆవిడ. "ఏసినా కదమ్మా, మీటరు మీటరుకీ ఏసినా!" నిజమే. కడ్డీ కొస తగిలిన ప్రతిసారీ నాయన బొటనవేలు ఒక వేలెడు ముందుకు జరుగుతోంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న వేలు, ఆ రోజే కనబడింది. దిబ్బ కింది ఆ మట్టినేలకు కూడా నాయన కొసరేశాడు! షర్టు చెయ్యి దర్జీ తిని ఉంటాడు.

నాయన తలెత్తి, "సరిపోయినాదా అప్పా కొలత?" అన్నాడు.

"మిగిలింది నాయనా," అన్నాను.

నేను కల్పించింది ఇదే, ఈ చివరి రెండు మాటలు. మొదటి చుట్టులో ముందున్నానన్నది మీరు ఈపాటికే నాలుగణాల్లో తీసేసి ఉంటారు. నాయన కొలత ఊసే ఎత్తలేదు. పాసయ్యానంటే, "పోయి నీళ్లు పోసుకో, చెమట వాసన," అన్నాడంతే. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు రాసుకున్నాను గానీ, ఆ రోజు అడుగుతాడేమోనని, నేను అనుమానించిన సంగతి నా మొహంలో చదివేస్తాడేమోనని పరుగు కన్నా దానికే ఎక్కువ భయపడ్డాను.

ఆ కడ్డీ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. దాని పక్కన స్కేలు మాత్రం ఇంతవరకు పెట్టలేదు.