సఫర్ అలీ కుడి భుజం

మా జూర్‌ఖానా పాతకాలపు వ్యాయామశాల. అందులో గోదా నేలకంటే నడుము లోతు కిందికి ఉంటుంది. వ్యాయామానికి దిగినవాళ్ళు తలెత్తి చూస్తే నా ముఖం కనబడుతుంది. నాకు మాత్రం వాళ్ళ భుజాలే కనబడతాయి. పైన అరుగు మీద కూర్చుని డప్పు కొడుతూ పాడే మోర్షెద్‌ని నేను. పేరు నస్రుల్లా. మా కాషాన్ ఊళ్ళో ఎవరి భుజం జారిందో, ఎవరి మోకాలు నీరు పట్టిందో ఎముకల డాక్టరు కంటే ముందు నాకే తెలిసిపోతుంది. తెలిసినా పైకి అనకూడదు. మోర్షెద్ పాడాలి, డప్పు వాయించాలి, గొప్పవాళ్ళు లోపలికి వచ్చేటప్పుడూ గోదాలోంచి పైకి ఎక్కేటప్పుడూ నెత్తిమీద వేలాడే గంట కొట్టాలి. అంతవరకే నా పని.

ఆ గంట మా జూర్‌ఖానాలో సఫర్ అలీకి ఒక్కడికే మోగుతుంది. అరవై దాటిన మనిషి. మెడ, ఛాతీ ఇప్పటికీ దున్నపోతుకున్నట్టే ఉంటాయి. వీధి మలుపులో అతనిది రొట్టెల కొట్టు. కాలిన గులకరాళ్ళ మీద పరిచి కాల్చే సంగక్ రొట్టెలు చేస్తాడు. మనిషంత పొడుగు కర్రపార మీద పిండి పరిచి బట్టీ లోపలికి తోసి, ఒక్క విదిలింపుతో రాళ్ళమీద జార్చాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆ విదిలింపు విదిలించేది కుడి భుజమే. దాని మీదే ఆ ఇల్లు నడుస్తుంది.

గోదాలో మధ్యన నిలబడేది కూడా అతనే. మధ్యవాడు ఏం చేస్తే చుట్టూ ఉన్నవాళ్ళు అదే చేస్తారు. అతను దండీలు తీస్తే దండీలు, కర్రగదలు భుజాన వేసుకుంటే గదలు. అతను ఆపకుండా ఎవరూ ఆపకూడదు. మా జూర్‌ఖానాలో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. మధ్యవాడు పట్టిన గదకంటే బరువైనది ఎవరూ పట్టకూడదు, పెద్దవాణ్ణి మించినట్టవుతుంది. సఫర్ అలీ ఎప్పుడూ బరువైనవే పడతాడు కాబట్టి ఈ ఆనవాయితీతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఇబ్బంది ఇంకోవైపు నుంచి వచ్చింది. అతనికంటే మరీ తేలికవి పట్టడం నామోషీ అనుకుని ఒక్కొక్కడూ ఏడాదికేడాది బరువు పెంచుకుంటూ పోయాడు. కొత్తగా చేరినవాళ్ళ కోసం చేయించిన చిన్నగదలు మూలన దుమ్ము కొట్టుకుపోయాయి. మగాళ్ళకి బుద్ధి గడ్డంతోపాటు రాదని మా అమ్మ తిట్టేది, ఊరికే తిట్టేది కాదు.

చలికాలంలో ఒకరోజు సఫర్ అలీ వెల్లకిలా పడుకుని తలుపురెక్కల్లాంటి చెక్కపలకలు రెండు చేతులతో ఎత్తుతున్నాడు. నా దరువు మధ్యలో టక్కుమని ఒక చప్పుడు వినబడింది. పలక చెక్క చీలిందనుకున్నాను. చీలింది పలక కాదు. అతను పలకలు దించి, లేచి, నవ్వుతూ అందరికీ సలాం చెప్పి వెళ్ళిపోయాడు. ముఖం మాత్రం పిండిలా పాలిపోయింది.

స్కాన్ చూసిన డాక్టరమ్మ చిన్నపిల్ల, కానీ ఖరాఖండిగా చెప్పింది. భుజంలో నరం సగం తెగింది, మిగతా సగం మీద వేలాడుతోంది. చెయ్యి తలకంటే పైకి ఎత్తొద్దు, బరువు వెనక్కి విసరొద్దు. మళ్ళీ తెగితే కుట్టడానికి అందులో ఏమీ మిగలదంది. రోజూ గోడకి అరచెయ్యి ఆనించి నెమ్మదిగా నొక్కమంది. వంగి చేతిని ఉయ్యాలలా ఊపమంది. వయసు పెరిగేకొద్దీ బరువు తగ్గించి ఓపిక పెంచుకోవాలి తాతా అంది. ఇదంతా సఫర్ అలీ నా ఒక్కడికే చెప్పాడు.

"గదలు మానెయ్యమందా?" అనడిగాను.

"మానొద్దంది. పిల్లల గదలు పట్టమంది."

"మరి పట్టరాదూ?"

"నువ్వు పైన కూర్చుంటావు నస్రుల్లా, నీకేం. ఆ గోదాలో మధ్యన నిలబడి పిల్లల గదలు పట్టడం కంటే రొట్టెల బట్టీలో దూకడం నయం."

నాకు కోపం వచ్చింది. పైన కూర్చునేవాడికి ఒళ్ళుండదా? డప్పు కొట్టీ కొట్టీ నా వేళ్ళ కణుపులు ఎప్పుడో వాచిపోయాయి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెడితేగాని ముడుచుకోవు. ఆ సంగతి అతనికి నేనూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

తర్వాత ఒక ఉదయం గదలు తిప్పుతుండగా అతని కుడిచేతిలోది జారి, అద్దకం పనిచేసే రజబ్ పాదానికి జానెడు దూరంలో పడింది. పాదం మీద పడితే ఎముకలు పిండి అయ్యేవి. సఫర్ అలీ ముఖంలో ఏమీ కనబడనివ్వకుండా రెండో గద కూడా కింద పెట్టేశాడు. పెద్దాయన దించాడనుకుని చుట్టూ ఉన్నవాళ్ళంతా బుద్ధిగా తమ గదలు దించేశారు. ఒక్కడికైనా అనుమానం రాలేదు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

గదీర్ పండగ దగ్గరపడింది. ఆ రోజు పొద్దున ఇస్ఫహాన్ నుంచి పహిల్వానులు వస్తారు. వాళ్ళముందు మా మధ్యవాడు సఫర్ అలీ, తన గురువు వదిలివెళ్ళిన పెద్దగదల జత తిప్పాలి. ఒక్కొక్కటి పదేళ్ళ పిల్లవాడంత ఎత్తు ఉంటుంది. వాటిని గోడకి ఆనించి ఉంచుతాం.

పండగకి ముందురోజు అతని భార్య మొనీర్ మా గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ నామీద ఏదో ఒక ఎకసెక్కం ఆడే మనిషి. ఆరోజు తలమీంచి కప్పుకున్న చాదర్ అంచు పళ్ళతో పట్టుకుని నిలబడింది.

"అన్నయ్యా, పండగనాడు ఆయనకి గంట కొట్టకు."

"కొట్టకపోతే నలుగురిలో అవమానం చేసినట్టు కాదూ?"

"కొడితే ఆ పెద్దగదల దగ్గరికి పోతాడు. గంట వింటే ఆయనకి ఒళ్ళు తెలీదు. నీకు తెలుసుగా. పక్కమీద అటు తిరగలేడు, ఇటు తిరగలేడు. కోటు నేనే తొడుగుతున్నా. కొట్టుకెళ్ళాక మాత్రం జనం చూస్తున్నారని పార విసురుతాడు."

"నేను చెబితే వింటాడా తల్లీ?"

"ఎవరు చెబితే విన్నాడు గనక. భయమేస్తోంది అన్నయ్యా. రేపు ఆ చెయ్యి వేలాడేసుకుని వస్తే నేనేం చెయ్యాలి?" చాదర్ సర్దుకుని మళ్ళీ అంది. "ఆడవాళ్ళం లోపలికి రాలేం. నేను వీధి మెట్టు మీద కూర్చుంటా. ఆయన బాగా ఉండి తనంతట తాను గోదా ఎక్కి వస్తే గంట కొట్టు. గంట వినబడకపోతే నాకు అర్థమవుతుంది."

సరేనన్నాను.

పండగ పొద్దున అరుగుల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఇస్ఫహాన్ నుంచి గూదర్జ్ వచ్చాడు. అతనికీ అరవై దాటాయి. తన గదలు తానే మోసుకొచ్చాడు. సఫర్ అలీ గుమ్మం వంగి లోపలికి రాగానే నేను డప్పూ గంటా రెండూ మోగించాను. మొనీర్ తిట్టుకుని ఉంటుంది. కొట్టకుండా ఉండే ధైర్యం నాకు లేదు.

అతను గోదాలోకి దిగి నేల తాకి వేళ్ళు ముద్దుపెట్టుకున్నాడు. మధ్యకి రాలేదు. కియూమర్స్ పక్కన ఆగాడు. కియూమర్స్ ముప్పై ఏళ్ళవాడు, మావాళ్ళందరిలోకీ బలశాలి, సఫర్ అలీ అంటే ప్రాణం.

"నాయనా, ఇవాళ మధ్యలో నువ్వు నిలబడు," అన్నాడు సఫర్ అలీ.

నా చేతులు డప్పు మీదే ఆగిపోయాయి. ఇంతకంటే మంచి దారి లేదు. ఒప్పుకోరా అబ్బాయ్ అని లోలోపల మొక్కుకున్నాను.

"మీరుండగా నేనా బాబాయ్? తల తీసి చేతికిచ్చినా నిలబడను."

"మర్యాదకి అనడం లేదు. నిజంగానే చెబుతున్నా."

"చూశారా, ఆయన పెద్దమనసు," అన్నాడు కియూమర్స్ అందరివైపూ తిరిగి. కళ్ళు చెమర్చాయి వెధవకి. "ఇంత పెద్దవాడు నాబోటి వాడికి చోటిస్తానంటున్నాడు. ఆయన కాళ్ళకింద మట్టికి కూడా సరిపోను నేను."

అరుగులన్నీ మెచ్చుకోలుగా గుయ్యిమన్నాయి. అందరూ ప్రవక్తకి సలాం పలికారు. మా ఊళ్ళో ఇదే చిక్కు. టీ ఇస్తే ముందు వద్దనాలి, చోటిస్తే ముందు కాదనాలి. నిజంగా ఇస్తున్నానని చెబితే అది ఇంకా పెద్ద మర్యాద అనుకుంటారు. ఒక మనిషి సాయం చెయ్యమని అడిగితే పూలదండ వేసి వెనక్కి నెట్టారు.

సఫర్ అలీ మధ్యకి నడిచాడు. దండీలు తీశాడు, బరువంతా ఎడమచేతి మీద వేసి. అది నాకొక్కడికే కనబడింది. తర్వాత గోడదగ్గరికి వెళ్ళి పెద్దగదల ముందు నిలబడ్డాడు. ఎడమ గద ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. కుడిది పట్టుకుని పైకి లాగాడు. మోకాలి ఎత్తు వచ్చింది, నడుము దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. చెయ్యి సన్నగా వణకడం మొదలుపెట్టింది. మెడనరం తాడులా లేచింది. ఎప్పుడు ఆ టక్కుమనే చప్పుడు వినబడుతుందోనని నేను ఊపిరి బిగబట్టాను. జనం అది భక్తి అనుకున్నారు, గురువుని తలుచుకుంటున్నాడనుకున్నారు. ఒకతను కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

గద మెల్లగా కిందికి దిగింది. రెండోదీ దించాడు. రెండింటి తలలూ ముద్దుపెట్టుకుని గోడకి ఆనించాడు. తర్వాత మావైపు తిరిగి, రొట్టె అయిపోయిందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

"నా భుజంలో నరం సగం తెగింది. ఇవి ఎత్తితే మిగతాది కూడా తెగుతుంది. నాకు భయంగా ఉంది."

భయం అనే మాట ఆ గోదాలో నేనెన్నడూ వినలేదు. అతను మూలకి వెళ్ళి, చిన్నగదల మీద దుమ్ము చేత్తో తుడిచి, ఒక జత తీసుకుని మధ్యకి వచ్చి నిలబడ్డాడు. చెవులు ఎర్రగా కందిపోయాయి. తల మాత్రం వంచలేదు.

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ ఆనవాయితీ. మధ్యవాడి కంటే బరువైనది ఎవరూ పట్టకూడదు. ముందు రజబ్ తన గదలు దించాడు. దించిన తీరులోనే నాకు తెలిసింది, అవి అతనికి ఎన్నేళ్ళ బరువో. మూలకి దాదాపు పరుగెత్తాడు.

"నా మోచెయ్యి పోయి మూడేళ్ళయింది," అన్నాడు వెళ్తూ వెళ్తూ, ఎవరితో అన్నాడో తెలియదు.

"నాకు నడుము," అన్నాడింకొకడు. "మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"తొయ్యకండర్రా, నాకూ ఒకటుంచండి."

చిన్నగదల కోసం తోపులాట మొదలైంది. పండగపూట, పొరుగూరి వాళ్ళముందు, గడ్డాలు నెరిసిన మగాళ్ళు పిల్లల గదల కోసం పేచీ పడ్డారు. అవి చాలలేదు. కియూమర్స్‌కి ఏమీ దొరకలేదు. గోదాలో ఒక పక్కన వట్టిచేతులతో నిలబడి సఫర్ అలీ వైపు చూస్తున్నాడు.

"బాబాయ్, నిజంగానే అడిగారా ఇందాక?"

"నిజంగానే అడిగానురా గాడిదా."

గూదర్జ్ తాను మోసుకొచ్చిన పెద్దగదల్ని చూసుకున్నాడు. వాటిని బయటికి అందించేసి, వట్టి పిడికిళ్ళు ఛాతీకి ఆనించి వరసలో నిలబడ్డాడు. దిగినప్పటి నుంచీ అతను ఎడమకాలు ఈడుస్తూనే ఉన్నాడు. నేను కావాలనే చూడనట్టున్నాను.

డప్పు మొదలుపెట్టాను. సఫర్ అలీ చెయ్యి భుజం ఎత్తు దాటకుండా చిన్నసున్నాలు చుడుతున్నాడు. దానికి తగ్గట్టు దరువు నెమ్మదించాను. పాట పాడుతున్నానే గాని చెవులు రెండూ ఆ భుజం మీదే ఉన్నాయి. చప్పుడు రాలేదు. చివరిదాకా రాలేదు. కణుపులు కూడా ఆరోజు నన్ను పెద్దగా సతాయించలేదు, అంత నెమ్మదిగా వాయించి ఎన్నేళ్ళయిందో.

అతను గదలు దించాడు. అందరూ దించారు. కుడిచేత్తో గోదా గట్టు పట్టుకోబోయి, మానేసి, ఎడమచేత్తో పట్టుకుని తనంతట తాను పైకి ఎక్కాడు. నేను గంట కొట్టాను. ఒకసారి కొట్టాలి, ఆగకుండా కొట్టాను. పక్కనున్నవాడు నా ముంజెయ్యి పట్టుకున్నాడు.

దిగి వెళ్ళి వీధితలుపు తీశాను. మొనీర్ మెట్టు మీదే కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లబట్ట ఉంది, మూలలు కలిపి మడిచి, మెడలో వేసి చెయ్యి కట్టడానికి సిద్ధంగా ముడి కూడా వేసింది. నన్ను చూసి దాన్ని గబగబా చాదర్ లోపలికి దోపేసుకుంది.

"పిండి పులిసిపోతోంది," అంది ముఖం అటు తిప్పుకుని. "తొందరగా రమ్మను. ఇవాళ పార నేను పడతానని చెప్పు."