మిస్ బెడోస్ లాంటి మనిషి ఉండదట

ఇంగ్లండులో మా లడ్లో ఊరి బట్టల షాపులో చేతి తొడుగుల కౌంటరు మిస్ ఎడిత్ బెడోస్‌ది. యాభై దాటాయి, పెళ్లి కాలేదు. బడి మాన్పించాక నన్ను ఆమె చేతికింద పెట్టారు. ఆదివారాలు ఆమె గదికి టీకి వచ్చేది ఒక్కరే, కథలు రాసే మిసెస్ గారో. మిస్ బెడోస్ తన రేషను వెన్నంతా ఆవిడ కోసమే దాచేది. వారమంతా ఆ పూట కోసమే బతికేది.

మిసెస్ గారో కథల పుస్తకం అచ్చయింది. అందులో ఒక కథ మిస్ బెడోస్‌దే, టీ దగ్గర ఆమె చెప్పుకున్నదే, పేరొక్కటే మార్చారు. పుట్టినరోజుకి తనే చాక్లెట్ల పెట్టె కొని, రంగు కాగితం చుట్టించుకుని, తలుపేసుకుని "అయ్యో, నాకా!" అంటూ విప్పే ఆడమనిషి కథ.

టోపీల కౌంటరు బెరిల్ ఊరుకుంటుందా? "ఏం ఎడిత్, ఈసారి పెట్టె ఎవరు పంపుతున్నారు? ప్రధానమంత్రా?"

"స్నేహం కొద్దీ రాసిందిలే. నీ గురించి ఎవరు రాస్తారు?" అంది మిస్ బెడోస్. మెడ మాత్రం ఎర్రబడింది.

తర్వాత లండన్ పత్రికలో సమీక్ష వచ్చింది. విమర్శకుడు పుస్తకాన్ని ఆకాశానికెత్తి, ఆ ఒక్క కథనీ తీసిపారేశాడు. అలాంటి మనిషి లోకంలో ఉండదు, జాలి కోసం కల్పించారు అన్నాడు.

మిసెస్ గారో షాపుకే వచ్చింది. "శుక్రవారం ఆ సమీక్ష రాసినాయన మా ఇంటికి భోజనానికొస్తున్నాడు ఎడిత్. నువ్వూ రా. నిన్ను చూస్తే నోరు మూస్తాడు."

భోజనానికి పిలిచారన్నదొక్కటే మిస్ బెడోస్ చెవికెక్కింది. కొత్త కాలరు కుట్టుకుంది.

వడ్డనకి నన్ను పెట్టారు. మటన్ అయ్యాక మిసెస్ గారో కాగితం చుట్టిన పెట్టె ఒకటి ఆమె ముందుకు తోసింది. "విప్పు ఎడిత్. ఇంట్లో ఎలా విప్పుతావో అలాగే."

మిస్ బెడోస్ అందరి ముఖాలూ చూసింది. కాగితం చిరగకుండా విప్పింది. "అయ్యో... నాకా..."

పెట్టెలో ఏమీ లేదు.

విమర్శకుడు నోట్లోంచి పొగ పైపు తీశాడు. "బాగానే నేర్పారండీ. నాకైతే ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ముందు నవ్వింది మిసెస్ గారోనే.

రెండో ముద్రణలో ఆ కథ తీసేశారు. మిసెస్ గారో ఆదివారాలు టీకి రావడమూ మానేసింది. చలికాలంలో ఆమె తొడుగుల కోసం వస్తే, మిస్ బెడోస్ కౌంటరు మీదికి వంగి గొంతు తగ్గించింది.

"మీకు చెప్పనివి ఇంకా ఉన్నాయండీ. ఇంతకన్నా సిగ్గుపడేవి. వస్తే అన్నీ చెబుతాను."

"వద్దులే ఎడిత్, నువ్వు కథకి పనికిరావని తేలిపోయిందిగా," అంది మిసెస్ గారో. "ఆ నల్లవి చూపించు."