రమ్ము తాగిన పిట్ట

తిండి మీద ఆశతో మనిషి ఎంత లోతుకు దిగజారగలడో తెలియాలంటే కాస్త దగ్గరికి జరిగి వినండి. నేను చచ్చినవాడి అన్నం తిన్నాను. తినడమే కాదు, వేళ్ళు కూడా నాకాను.

అప్పటికి నాకు ఇరవై దాటాయి. మారిషస్ దీవి మధ్యలో, మాంటాన్ బ్లాంష్‌లో మా నాన్నకు కాస్త చెరకు పొలం ఉండేది. ఇంట్లో పొద్దున పప్పూ బ్రెద్దూ, సాయంత్రం బ్రెద్దూ పప్పూ. బ్రెద్దంటే ఏదో వింత అనుకునేరు, ఒట్టి ఆకుకూర. చెరకు నరుకుడు అయిపోయి చేతికి పని లేని రోజుల్లో, సముద్రం ఒడ్డు జనం ఏం తింటారో తిని చూసి రావాలనే బుద్ధి పుట్టింది. "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు" అని దీవిస్తూనే మా అమ్మ అన్నం మూట కట్టి ఇచ్చింది. ఒడ్డు దగ్గరి లెస్కాలియే ఊరు చేరేలోగా మూట ఖాళీ.

ఒడ్డు జనం మంచివాళ్ళు. ఒక గుడిసెలో ఉడికించిన కర్రపెండలం, నిప్పుల మీద కాల్చిన ఉప్పుచేప పెట్టారు. ఇంకొక చోట తడి ఇసకలో ఏరిన బుల్లి గుల్లల చారు పోశారు. ఆ చారు తాగాక, ఇన్నేళ్ళూ బ్రెద్దు తిని బతికినందుకు నా మీద నాకే జాలి వేసింది. అక్కడి క్రియోల్ ముసలాయన వాళ్ళ భాషలో, "ఈ ఒడ్డున అన్నానికి తాళం వెయ్యం, ఆకలైనవాడిదే అన్నం" అన్నాడు. పెద్దల మాట చద్దిమూట అంటారే, ఆ మూటే నా కొంప ముంచింది.

మర్నాడు ఊరన్నది తగల్లేదు. నల్లరాళ్ళ మీద నడిచి నడిచి కడుపు వీపుకు అంటుకుపోయాక, సరుగుడు చెట్ల కింద ఒక బండ మీద అరిటాకు కనిపించింది. వేడన్నం, కారం కారంగా ఉరిత్ కూర (ఆక్టోపస్‌ను వాళ్ళు ఉరిత్ అంటారు), వేయించిన చేప, పక్కన కొబ్బరిచిప్పలో రమ్ము. మనిషి జాడ లేదు.

ఆకలి రుచెరుగదంటారు. నా ఆకలికి రుచి బాగా తెలుసు, విస్తరి ఎవరిదో తెలియదంతే. పిండమని ఎలా గుర్తుపట్టలేదంటారా? మా ఇంట పిండమంటే నువ్వులు కలిపిన చప్పిడి ముద్ద. ఉరిత్ కూరతో పెడతారని నాకు చెప్పినవాడెవడు? కూర్చున్నాను. ఆ కూర రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, సిగ్గుతో సహా. చివర చిప్ప ఎత్తి రమ్ము పోసుకుంటుండగా బండల అవతల నుంచి తెలుగులో ముసలి గొంతు వినిపించింది.

"ఇంకా పిట్ట రాలేదేట్రా రావుడూ. మీ అన్నకేదో మిగిలిపోనాది."

ఖాళీ చిప్పను చప్పుడు కాకుండా దించాను. పెద్దకర్మనాడు చనిపోయినవాడికి ఇష్టమైనవి వండి పెట్టి, మనుషుల్ని చూస్తే పిట్ట బెదురుతుందని దూరంగా వీపులు తిప్పి నిలబడతారు. మా వైపు కాకి కనబడేది కాదు, మైనా ముట్టినా కాకి ముట్టినట్టే. ముట్టకపోతే పోయినవాడికి తీరని కోరికేదో ఉందని లెక్క. అప్పుడు బతికున్నవాళ్ళు ఒక్కొక్క మాటే ఇచ్చుకుంటూ పోవాలి.

నేను దొంగకు తేలు కుట్టినట్టు బండ చాటున నక్కాను.

"ఏటా ఏటా భజన పెట్టిస్తాను," అన్నాడు రావుడు అనేవాడు.

"అది కాదని నీకూ ఎరికే. పిరోగు సంగతి సెప్పు," అన్నాడు ముసలాయన. పిరోగంటే చేపల పడవ.

"అది అమ్మీడానికి మాటయిపోనాది, అయ్యా."

"సింహాచలం పోనాడు, పిరోగు మిగిలినాది. అదుంటే ఎవడో ఒకడు తోసుకెళ్ళి నీ వొదిన పైడమ్మకి సేపల్లో వాటా పెడతాడు. నేకపోతే పసిదాన్ని సంకనేసుకుని సెరుకు తోటలోకి పోవాల. రెండేళ్ళు బతుకుతాదా ఆ గుంట?"

మధ్యలో ఒక ఆడమనిషి ఏడుపు. సముద్రం ఆమె మొగుణ్ణి మింగి, తనకు తోచినప్పుడు ఒడ్డున పడేసిందని తర్వాత విన్నాను. చివరికి రావుడు పోయినవాడితో అన్నాడు.

"సరే అన్నా. పిరోగు వొదిన దగ్గిరే ఉంటాది. ఇంక ముట్టు."

వాళ్ళు ఇటు తిరిగి వచ్చారు. ఆకు అద్దంలా ఉంది. ముసలాయన అక్కడే కూలబడి ఆకును రెండు చేతులతో తడిమాడు.

"తినీసినాడు. నా కొడుకు మొత్తం తినీసినాడు."

"రమ్ము కూడా నేదు," రావుడి గొంతులో అనుమానం. "పిట్ట రమ్ము తాగుతాదా అయ్యా?"

"సింహాచలం పిట్ట తాగుతాది."

అప్పుడే బయటికి వచ్చి కాళ్ళ మీద పడాల్సింది. కానీ నేను నోరు విప్పితే రావుడి మాట గాలికి పోతుంది, దానితో పడవా పోతుంది. ధైర్యం లేక కూడా ఆగానని ఒప్పుకుంటాను. చెట్ల వెనకగా చుట్టు తిరిగి, ఏమీ ఎరగని బాటసారిలా ఎదురొచ్చాను. ముసలాయన నన్ను చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"కర్మనాడు దారినొచ్చినోడు దేవుడు బాబూ. తినకుండా కదిలితే ఒప్పను."

"ఇప్పుడే తిన్నానండీ," అన్నాను. జన్మలో అంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

"ఈ ఒడ్డున నీకెవరు పెడతారు? కూకో."

మళ్ళీ అరిటాకు. మళ్ళీ ఉరిత్ కూర. గంగిరెద్దులా తలూపుతూ మింగాను. పైడమ్మ పసిదాన్ని భుజాన వేసుకుని వడ్డిస్తోంది. కళ్ళు వాచి ఉన్నాయి. నా ముందు వంగి, అన్నం వేస్తూ, మెల్లగా అంది.

"మీసాల్లో మెతుకులు తుడుచుకో తమ్ముడా. నాను ఒడ్డించకముందే ఉన్నాయి. మా మరిది ఇటే వొస్తన్నాడు."

చెయ్యి మీసం మీదికి పోయింది గాని తల పైకి లేవలేదు.

"ఆయన తిన్నేదని నాకెరికే," అంది, ఇంకొంచెం కూర వేస్తూ. "పిరోగు నిలబడినాది. నువ్వు తిను."

తిన్నాను. తింటూ ఏడ్చాను. కూర కారమనుకుని రావుడు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ పెద్దవాళ్ళలో ఇప్పుడెవరూ లేరు, పడవ కూడా పుచ్చిపోయింది, అందుకే చెబుతున్నాను. ఆ రోజే సముద్రం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇది ఎవరి విస్తరి అని అడగకుండా, అడిగినదానికి బతికున్న మనిషి జవాబు చెప్పకుండా, ఈ జన్మలో ముద్ద ముట్టను. పెళ్ళినాడు పక్కపక్కనే విస్తళ్ళు వేస్తే మా ఆవిడను కూడా అడిగాను.