ఎండకు పెట్టిన సీరం సీసా

“పారబొయ్యి.”

“బియ్యం కడిగిన నీళ్లు గూడ పారబొయ్యనియ్యవు, గిది పారబొయ్యమంటున్నవా నానమ్మా?”

“రంగు జూడు. చాయ్ లెక్కయింది. గట్లయితే ముఖానికి పెట్టద్దని పైనామె చెప్పలే?”

“పైనామె ఆంధ్రామె. మనం మంచిగుంటే ఓర్వలేక చెప్పింది. రోడ్డు మీద వాళ్లను పొమ్మంటున్నరు, నువ్వేమో ఇంట్ల ఆమె మాట పట్టుకున్నవు.”

“సీసా ఇచ్చింది గూడ ఆమెనే గదే! సీసా మంచిదాయె, మాట చెడ్డదాయెనా?”

నాకూ నా మనవరాలికీ ఇలా మాటా మాటా పెరిగింది. ఆ రోజు బంద్. ఎల్.బి. నగర్ చౌరస్తాలో బస్సులు లేవు. తెలంగాణ రావాలని నేనూ రోడ్డు మీద వంటావార్పులో కూర్చున్నదాన్నే. దానికీ ముఖానికి రాసుకునే మందుకూ ఏం సంబంధం?

పిల్లకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో పని కుదిరింది. మొదటి పని. బంద్ అయిపోగానే రమ్మన్నారు. కౌంటర్‌లో నిలబడేవాళ్లకు ముఖం శుభ్రంగా ఉండాలని షాపాయన ముందే చెప్పాడట. పిల్ల చెంపల మీద మొటిమలు పోయి నల్ల మచ్చలు మిగిలాయి. చీర అమ్మడానికి చేతులూ నోరూ చాలవా అని నాకు ఇప్పటికీ మంటే.

మా పై వాటాలో కిరాయికుండే ఆమె కోస్తా నుంచి వచ్చింది. బ్యూటీ పార్లర్‌లో పని. మచ్చలు తగ్గుతాయని విటమిన్ సి సీరం తెచ్చి పిల్ల చేతిలో పెట్టి, నా ముందే చెప్పింది: “ముందు చెవి వెనకాల ఒక్క చుక్క రాసి రెండు రోజులు చూడమ్మా. మంటా దురదా లేకపోతేనే ముఖానికి, అదీ కొంచెమే. పగలు బయటికెళ్తే సన్‌స్క్రీన్ మానకు. సీసా చీకట్లో, చల్లగా ఉంచు. రంగు మారితే ఇక ముఖానికి పెట్టకు. నిమ్మకాయలూ అవీ కలపకు.” నా చదువు మూడో తరగతితో ఆగింది. సీసా మీది ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు గనుక చెవిన పడ్డ మాట విడిచిపెట్టను.

పిల్ల మాత్రం సీసాను పిట్టగోడ మీద పెట్టింది. చలికాలంలో పేరిన కొబ్బరినూనె కరగాలని మేం రోజూ అక్కడే ఎండకు పెడతాం. ఇదీ నూనె లాంటిదే కదా, చలికి గట్టిపడుతుందేమో అనుకుందట. కొన్నాళ్లకే తెల్లటి నీళ్లలా ఉన్నది కాస్తా ఎర్రబడింది.

“చెవి వెనక పెట్టి జూసినవా?” అని అడిగాను.

“చెవి జూసి ఇస్తరా నౌకరి? నీకు అన్నీ పరేషానే.”

సీసా నా చేతిలోంచి గుంజుకుని గదిలోకి పోయింది. రేపు బంద్ లేదని సాయంత్రం టీవీలో చెప్పారు. అన్నం పెడదామని వంటింట్లోకి వెళ్తే గట్టు మీద పిండేసిన నిమ్మచెక్కలు కనిపించాయి. తలుపు కొట్టాను. తీయలేదు.

పొద్దున లేచేసరికి పిల్ల చెంపలు రెండూ కందిపోయి, కళ్ల కింద వాచింది. నేను కేక వేస్తే పైనామె దిగి వచ్చింది. “చల్లటి నీళ్లతో కడగండి మామ్మగారూ. సబ్బు వద్దు, ఇంకేమీ రాయకండి. డాక్టరుకు చూపించండి,” అంది. పిల్ల ఆమె వైపు చూడలేదు. ముఖానికి చున్నీ చుట్టుకుని షాపుకు పోయింది. చున్నీ తీయమన్నారట, తీసింది. తగ్గాక చూద్దాం పొమ్మన్నారట. తను షాపు మెట్లు దిగకముందే కౌంటర్‌లో ఇంకో పిల్లను నిలబెట్టారు.