అత్త పెట్టిన పందెం

నేను నెల్లూరులో ఒక కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతాను. మా మామ కొడవలూరు దగ్గర వరి రైతు. వయసులో ఉండగా ఎర్రజెండా పట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. పెళ్లైన కొత్తలోనే మా ఇద్దరికీ మార్క్సిజం దగ్గర చెడింది. చెడిందంటే మాటలు ఆగిపోలేదు, ఎక్కువయ్యాయి.

"రష్యాలో, చైనాలో ఏం జరిగిందో చూసి కదా మామా మాట్లాడాలి" అనేవాణ్ణి.

"అన్నం మాడితే తప్పు పొయ్యి కాడ కూర్చున్నోడిది. బియ్యాన్ని తిడతావేంది?"

"ఎవరు వండినా మాడుతుంటే బియ్యం కూడా ఒకసారి చూసుకోవాలి."

ఆదివారం వెళ్లినప్పుడల్లా ఇదే గొడవ. ఒక మధ్యాహ్నం, వడ్డిస్తున్న మా అత్త గరిటె ఆపేసింది.

"వినీ వినీ మీ ఇద్దరి పాఠాలూ నాకు నోటికొచ్చేసినాయి. ఈ పూట ఆయన మాట నువ్వు చెప్పు అబ్బయ్యా, నీ మాట ఆయన చెప్తాడు. లేదంటే రొయ్యల కూర లోపలికి పోతాది."

మా ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ముందు నేనే మొదలుపెట్టాను. కష్టపడినవాడికి తన కష్టఫలం మీద హక్కుండాలన్నదే అసలు మాట, జైళ్లు కట్టమని అందులో లేదు అన్నాను. మామ శ్రద్ధగా విని, "ఇంకా గట్టిగా చెప్పచ్చు" అన్నాడు.

తన వంతు రాగానే తినడం ఆపాడు. అక్కడ సర్కారు గింజలు లాక్కుంటే ఆకలితో పోయిన రైతుల గురించి, ఒక్క మాటన్నందుకు మాయమైన మనుషుల గురించి చెప్పాడు. అన్నీ నాకంటే వివరంగా తెలుసు ఆయనకి.

"ఇవే ఒకసారి పార్టీ మీటింగులో అడిగినా. జవాబు చెప్పలా. మళ్లా మీటింగుకి పిలవనూలేదు."

ఈ సంగతి అత్తకి కూడా కొత్తే.

"ఇదంతా తెలిసే ఇన్నేళ్లూ నాతో వాదించారా?" అన్నాను.

"తెలవకుండా ఎట్టా ఉంటాది అల్లుడూ. కూలోళ్ల కోసం పట్టిన జెండా అది. నువ్వొచ్చి అంతా తప్పంటే ఒప్పుకోబుద్ధి కాలా."

నాకు సిగ్గేసింది. ఆయన మీద కొత్తగా ఇష్టమూ పుట్టింది. కాలేజీలో మార్క్సిజం పాఠం వచ్చిన రోజు మా క్లాసుకి తీసుకెళ్లి ఆయన్నే మాట్లాడమన్నాను. రెండు పక్షాలూ ఆయనే చెప్పాడు.

"ఇప్పటికీ మీరు కమ్యూనిస్టేనా తాతా?" అని ఒకమ్మాయి అడిగింది.

"వారంలో నాలుగు రోజులు" అన్నాడు మామ.

తిరిగొస్తూ బండి వెనక కూర్చుని, ఆ పిల్ల మంచి ప్రశ్న అడిగిందని కోవూరు దాటేదాకా చెబుతూనే ఉన్నాడు.