బానెట్ కింద దారాలు

మొన్న కోరుట్లలో మా కారు బానెట్ ఎత్తితే ఎలుక పేర్చుకున్న గడ్డి కనిపించింది. దుమ్మూ ఆయిలూ కలిసిన ఆ వాసనకు నేను మళ్లీ సిరిసిల్లలో చిన్నపిల్లనైపోయాను.

అప్పుడే నాన్న మరమగ్గాలు అమ్మేసి, వేములవాడకు కిరాయి తిప్పడానికి పాత కారు కొన్నాడు. మరమగ్గాలను మేం సాంచెలు అంటాం, వాటిలో దారాన్ని మోసే చెక్కముక్కను నాడె అంటాం. ఆ చప్పుడులో అరుచుకుంటూ మాట్లాడే అలవాటున్న మాకు, అవి పోయాక ఇంట్లో మాటలే కరువయ్యాయి.

ఓ పొద్దున ఇంజన్ చల్లగా ఉండగానే నాన్న బ్యాటరీ వైరు విప్పి, నీళ్లు తగలకూడని చోట్ల పాలిథిన్ కవర్లు కట్టి, తడిబట్టతో లోపలంతా తుడుస్తున్నాడు. ఓ మూల రంగురంగుల దారాల ఉండ కనిపించింది. చప్పుడు చేసే యంత్రమేదైనా బట్టే నేస్తుందని అప్పట్లో నా నమ్మకం. ఆయన దాన్ని పీకబోతే ఏడుపందుకున్నాను.

“తెంపకు బాపూ! మన కారు బట్ట నేస్తున్నది!”

“ఎలుక గూడు బిడ్డా. ఇంజన్ వేడికి అంటుకుంటది” అంటూనే ఆగి, ఆ దారాన్ని వేళ్ల మధ్య నలిపాడు. మా సాంచెల దారమేనని గుర్తుపట్టి ఉంటాడని ఇప్పుడు తోస్తుంది. కాసేపటికి ఆయన ముఖంలో నవ్వొచ్చింది.

“సాంచెల నాడె దారం పట్టుకొని ఇటు అటు ఉరుకుతది గదా. గీ కారు గూడ రోజు ఎములాడకు పోతది, అస్తది. గిది గూడ నేస్తదిలే.”

దారాలు తెగకుండా ఆ ఉండను మెల్లగా తీసి నా చేతిలో పెట్టాడు. అన్నీ ఆరాక కవర్లు తీసి, వైరు బిగించి, స్టార్ట్ చేశాడు. ఇంటి రేకులు అదిరాయి. “చాయ్ తాగి పోతవా?” అని వంటింట్లోంచి అమ్మ, సాంచెలు నడిచిన రోజుల్లోలాగే, గొంతు చించుకుని అరిచింది.